గీకే కార్డు పోయింది.. పిన్ కేక మాత్రం పోలేదు
హోటళ్లలో చిప్ కార్డు చెల్లింపులపై యజమానులు, వినియోగదారులు తెలుసుకోవలసిన సంగతులు

నూజివీడు: మామిడి కోతలు సాగే ఏప్రిల్ నుంచి జూన్ వరకు నూజివీడు పరిసరాల్లోని హోటళ్ల గిరాకీ తీరే వేరు. తోటల బేరానికి వచ్చే వ్యాపారులు, కాయ ఎత్తే లారీల సిబ్బంది, చిన్నరసాలు, బంగినపల్లి కాయలు తోట దగ్గరే కొనుక్కుందామని విజయవాడ, ఏలూరు, హైదరాబాదుల నుంచి కార్లలో దిగే కుటుంబాలు, వేసవి సెలవులకు సొంతూళ్లకు చేరే ప్రవాసులు.. అందరూ మధ్యాహ్నం వేళకు భోజనం బల్లల వద్దకు చేరవలసిందే. ఏడాది పొడవునా తెలిసిన ముఖాలకు వడ్డించే హోటల్‌కు ఈ మూడు నెలలూ తెలియని ముఖాలే ఎక్కువ.

భోజనం ముగిశాక బిల్లు వస్తుంది. ఎక్కువమంది ఫోను తీసి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చెల్లించి వెళ్లిపోతారు. కొందరు మాత్రం కార్డు తీస్తారు. సర్వరు ఆ కార్డును బిల్లు పెట్టిన పళ్లెంలోనే వేసుకొని కౌంటర్ దగ్గరికి పోతాడు. అర నిమిషం తరువాత అక్కడి నుంచి ఒక కేక వినిపిస్తుంది. ‘‘పిన్ ఎంతండీ?’’ కార్డుదారుడు చేయి కడుక్కుంటూనో, పిల్లవాడి మూతి తుడుస్తూనో నాలుగు అంకెలూ గట్టిగా చెప్పేస్తాడు. హాలులో ఉన్న నలభై మందీ వింటారు. ఇది ఏ ఒక్క ఊరికో, ఏ ఒక్క హోటల్‌కో పరిమితమైన అలవాటు కాదు. తెలుగునాట చిన్నా పెద్దా పట్టణాలన్నిటా కనిపించేదే. కార్డుల్లో చిప్ అమర్చడానికి బ్యాంకులు ఏళ్ల తరబడి చేసిన శ్రమ ఈ ఒక్క కేకతో సగానికి సగం వృథా అవుతోంది.

అంటుకు, టెంకకు ఉన్న తేడా

పాత కార్డుల వెనుక ఉండే నల్లని అయస్కాంత గీతలో కార్డు నంబరు, గడువు తేదీ, ఖాతాదారు పేరు, బ్యాంకు సరిచూసుకునే మరికొన్ని అంకెలు ఉంటాయి. కార్డు పనిచేసినంతకాలం అవి మారవు. అరచేతిలో ఇమిడే స్కిమ్మర్ అనే పరికరంలో కార్డును ఒక్కసారి గీకితే ఆ వివరాలన్నీ అందులోకి చేరతాయి. వాటిని మరో ఖాళీ కార్డుపైకి ఎక్కిస్తే నకలు తయారవుతుంది. మెషీన్‌కు అసలేదో, నకలేదో తెలిసే వీలు లేదు. తోటల భాషలో చెప్పాలంటే ఇది అంటు కట్టడం వంటిది. తల్లిచెట్టు కొమ్మ దొరికితే చాలు, అదే గుణం గల మరో చెట్టు తయారవుతుంది.

చిప్ పనిచేసే తీరు వేరు. కార్డుపై బంగారు రంగులో కనిపించే చిన్న పలక కింద ఒక సూక్ష్మమైన కంప్యూటరు ఉంటుంది. కార్డు తయారీ సమయంలోనే అందులో ఒక రహస్య తాళాన్ని భద్రపరుస్తారు. ఆ తాళం కార్డు దాటి బయటికి రాదు. కార్డును మెషీన్‌లో పెట్టినప్పుడు బిల్లు మొత్తం, తేదీ, మెషీన్ అప్పటికప్పుడు ఎంచుకొన్న ఒక అంకె చిప్‌కు అందుతాయి. చిప్ వాటికి తన లెక్కింపు సంఖ్యను జోడించి, రహస్య తాళంతో ఒక సంకేతాన్ని తయారుచేసి ఇస్తుంది. అది ఆ ఒక్క లావాదేవీకే చెల్లుతుంది. కార్డు ఇచ్చిన బ్యాంకు తన వద్ద ఉన్న తాళంతో ఆ సంకేతాన్ని సరిచూసి, సరిపోతేనే అనుమతి ఇస్తుంది. ఇది టెంక పాతడం వంటిదనుకోవచ్చు. ఏ టెంక మొలిస్తే ఎటువంటి కాయ కాస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఇక్కడ మాత్రం ఒక్క బ్యాంకుకు తెలుస్తుంది. ఇవాళ్టి సంకేతాన్ని ఎవరైనా దొంగిలించినా అది రేపు చెల్లదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. గీతలో ఉండే భద్రతా అంకెలు వేరు, చిప్‌లో ఉండేవి వేరు. చిప్ చొప్పించే సందులో పలుచని రేకు వంటి పరికరాన్ని దూర్చి వివరాలు లాగే దొంగలున్నారు. అలా లాగిన వివరాలను గీత కార్డుపైకి ఎక్కించినా ఆ అంకెలు సరిపోలవు. బ్యాంకు సరిగా సరిచూస్తే నకలు అక్కడే దొరికిపోతుంది.

ఆలస్యంగానైనా మారిన పద్ధతి

చిప్ కార్డు ఆలోచన కొత్తదేమీ కాదు. ఫ్రాన్సు దేశస్థుడు రోలాండ్ మొరెనో 1974లోనే దీనిపై పేటెంట్ పొందారు. 1990లలో యూరోపే, మాస్టర్‌కార్డ్, వీసా సంస్థలు కలిసి ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించాయి. ఆ మూడు పేర్ల తొలి అక్షరాలతోనే దానికి ఈఎంవీ అన్న పేరు వచ్చింది. బ్రిటన్‌లో 2006 ఫిబ్రవరి 14 నుంచి చిప్ కార్డుకు పిన్ నొక్కడం తప్పనిసరి అయింది. అమెరికా ఇంకా వెనుకబడింది. చిప్ చదవలేని దుకాణంలో నకిలీ కార్డు వాడితే నష్టం దుకాణం వైపే పడేలా అక్కడ నిబంధన వచ్చింది 2015 అక్టోబరులో.

మన దేశంలో డెబిట్ కార్డులకు దుకాణాల్లో పిన్ నొక్కే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరు 1 నుంచి అమలులోకి తెచ్చింది. కొత్తగా ఇచ్చే కార్డులన్నీ చిప్, పిన్ ఉన్నవే కావాలని 2015లో ఆదేశించింది. పాత గీత కార్డులను మార్చడానికి 2018 డిసెంబరు 31 వరకు గడువు ఇచ్చింది. ఈలోపే దెబ్బ తగిలింది. ఏటీఎంలు, స్వైపింగ్ మెషీన్ల సేవలు నడిపే ఒక సంస్థ వ్యవస్థలోకి మాల్‌వేర్ చొరబడిన సంగతి 2016 అక్టోబరులో బయటపడి, దేశవ్యాప్తంగా సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల భద్రత ప్రశ్నార్థకమైంది. 19 బ్యాంకులకు చెందిన 641 మంది ఖాతాదారుల నుంచి రూ.1.3 కోట్ల మేర సొమ్ము పోయినట్లు జాతీయ చెల్లింపుల సంస్థ అప్పట్లో వెల్లడించింది. పాత గీత కార్డులు ఇంకా పెద్ద సంఖ్యలో చలామణిలో ఉన్న కాలమది. ఆ మరుసటి నెలలోనే పెద్ద నోట్ల రద్దు జరిగింది. అంతవరకు గల్లాపెట్టె తప్ప మరొకటి ఎరుగని హోటళ్లు సైతం స్వైపింగ్ మెషీన్ల కోసం బ్యాంకుల ముందు నిలబడ్డాయి. మెషీన్ వచ్చింది గానీ దానిని వాడే పద్ధతి నేర్పినవారు తక్కువ. నేటి అలవాట్లకు మూలం అక్కడే ఉంది.

నాలుగు అంకెల విలువ

చిప్ కార్డుకు నకలు తీయడం కష్టం. కానీ కార్డునే దొంగిలించి, పిన్ కూడా తెలిసినవాడిని చిప్ ఆపలేదు. వాడి దృష్టిలో వాడే ఖాతాదారుడు. భోజనశాలలో పిన్ విన్నవాడు బస్టాండులోనో, రద్దీగా ఉన్న పండ్ల దుకాణం వద్దో పర్సు కొట్టేస్తే తిన్నగా ఏటీఎంకు పోతాడు. మామిడి అమ్మిన సొమ్ము రైతు ఖాతాలో పడేది కూడా ఇదే కాలంలో. తోటకు మందులు కొట్టిన అప్పు, కౌలు, పిల్లల కళాశాల రుసుము అన్నీ ఆ ఖాతా మీదే ఆధారపడి ఉంటాయి.

చట్టపరంగా ఇంకొక చిక్కు ఉంది. ఖాతాదారుడి ప్రమేయం లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా మూడోవ్యక్తి వల్ల మోసం జరిగిన సందర్భంలో, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పని దినాల్లోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారుడిపై భారమేమీ ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల్లో పేర్కొంది. నాలుగు నుంచి ఏడు పని దినాలు ఆలస్యమైతే ఖాతా రకాన్ని బట్టి కొంత మేర ఖాతాదారుడే భరించాలి. అయితే పిన్ వంటి రహస్యాన్ని ఇతరులకు చెప్పడం వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసేవరకు పోయిన మొత్తమంతా ఖాతాదారుడిదేనని అదే ఆదేశం స్పష్టం చేసింది. హాలులో నలభై మంది ఎదుట పిన్ చెప్పిన మనిషి రేపు బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చున్నప్పుడు ఆయన పక్షాన మాట్లాడేవారు ఉండరు.

అందువల్ల హోటల్ పాటించవలసిన మొదటి నియమం చాలా చిన్నది. కార్డు మెషీన్ దగ్గరికి పోకూడదు, మెషీనే కార్డు దగ్గరికి రావాలి. సిమ్ కార్డుతో, బ్యాటరీతో నడిచే మెషీన్లు వచ్చి చాలా ఏళ్లయింది. సర్వరు మెషీన్‌ను బల్ల వద్దకు తెచ్చి, బిల్లు మొత్తం నమోదు చేసి, తెర వినియోగదారుడి వైపు తిప్పి చూపాలి. కార్డును ఆయనే చొప్పించాలి. పిన్ నొక్కేటప్పుడు సర్వరు ముఖం పక్కకు తిప్పుకోవడం మర్యాద. తీగతో కౌంటర్‌కు కట్టిన మెషీన్ అయితే వినియోగదారుడినే కౌంటర్ వద్దకు రమ్మనడంలో తప్పు లేదు. భోజనం చేసినవారిని లేపడం అమర్యాద అనుకొనే యజమానులు ఉన్నారు. కార్డు పట్టుకుపోవడం అంతకంటే పెద్ద అమర్యాద.

వయసు మళ్లినవారు, అంకెలు సరిగా కనిపించనివారు మెషీన్ చేతికిచ్చినా ‘‘నువ్వే నొక్కు బాబూ’’ అంటారు. ఇది సున్నితమైన సందర్భం. ‘‘బాబాయి గారూ, మీ వాళ్లెవరైనా నొక్కితే బాగుంటుంది, మేము నొక్కకూడదండీ’’ అని చెప్పేలా సిబ్బందికి ముందుగానే నేర్పి ఉంచాలి. రూ.5,000 లోపు బిల్లు అయి, కార్డుపై అలల గుర్తు ఉంటే పిన్ అవసరం లేకుండా తాకించి తీసుకోవడమే అటువంటివారికి సులువు.

గల్లాపెట్టె మీద నిఘా కెమెరా పెట్టే యజమానులు అది ఎటు చూస్తోందో ఒకసారి గమనించాలి. పిన్ నొక్కే వేళ్లు స్పష్టంగా కనిపించే కోణంలో కెమెరా ఉంటే, ఆ దృశ్యాలు చూసే వీలున్న ప్రతివారికీ పిన్‌లు తెలిసినట్లే. నోట్ల లెక్క కనిపించాలి, వేళ్లు కనిపించకూడదు.

‘చిప్ పనిచేయడం లేదండీ, గీకుదాం’

రసాలు తిన్న చేతితో కార్డు తీస్తే చిప్ పలకకు రసం అంటుకుంటుంది. మెషీన్ చదవదు. అప్పుడు తొందరపడి కార్డును గీకడం మొదలుపెడతారు. చిప్ ఉన్న కార్డును గీకితే మెషీన్ సాధారణంగా ఒప్పుకోదు, చిప్ చొప్పించమని అడుగుతుంది. రెండు మూడుసార్లు చిప్ విఫలమైతే కొన్ని మెషీన్లు గీతకు దిగుతాయి. దొంగలకు కావలసింది సరిగ్గా ఇదే. నకిలీ గీత తయారుచేసి, చిప్ పలకను కావాలనే పాడుచేసిన కార్డుతో వచ్చి ‘చిప్ పోయింది, గీకండి’ అంటారు. చాలా బ్యాంకులు ఇటువంటి లావాదేవీలను తిరస్కరిస్తాయి. తిరస్కరించకుండా జరిగిపోయి, అసలు ఖాతాదారుడు తరువాత ఫిర్యాదు చేస్తే, వడ్డించిన భోజనమూ పోయి ఖాతాలో పడిన సొమ్మూ వెనక్కి పోయే ప్రమాదం హోటల్ యజమానికే ఎక్కువ.

కార్డును పొడిగుడ్డతో తుడిచి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ కాకపోతే తాకించి చూడాలి. అదీ కుదరకపోతే యూపీఐ, లేదంటే నగదు. గీతకు మాత్రం పోవద్దు. 2033 నాటికి తమ కార్డుల్లో ఎక్కడా నల్ల గీతే ఉండదని మాస్టర్‌కార్డ్ సంస్థ 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

చిప్ కాపాడలేనివి

కార్డు ముందు వైపు నంబరు, గడువు తేదీ, వెనుక మూడంకెల సీవీవీ అచ్చు వేసి ఉంటాయి. కొన్ని కార్డులపై అన్నీ ఒకేవైపు ఉంటాయి. కార్డు కనుమరుగైన ఆ అర నిమిషంలో రెండు వైపులా ఫోనుతో ఫొటో తీస్తే చాలు. చిప్ ఎంత గట్టిదైనా దాని పని అక్కడ ఏమీ లేదు. మన దేశంలోని వెబ్‌సైట్లలో కొనుగోలుకు 2009 ఆగస్టు నుంచి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి కావడంతో ఓటీపీ లేకుండా పని జరగదు. విదేశీ వెబ్‌సైట్లలో చాలావాటికి ఆ అవసరం లేదు. అమెరికా, ఐరోపా కార్డులతో వచ్చే మన ప్రవాసులకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

ఇక్కడి కార్డుదారులకు ఒక రక్షణ ఉంది. 2020 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే, తిరిగి ఇచ్చే కార్డులు దేశంలోని ఏటీఎంలు, దుకాణాల్లోని మెషీన్లకు మాత్రమే పనిచేసేలా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం, తాకించే సదుపాయం ఖాతాదారుడు కోరితేనే తెరుచుకుంటాయి. బ్యాంకు యాప్‌లో వాటిని ఎప్పుడైనా మూయవచ్చు, రోజువారీ పరిమితి తగ్గించుకోవచ్చు. ఐదు నిమిషాల పని.

పెళ్లి భోజనాలు, ఫంక్షన్ ఆర్డర్లు ఫోనులో తీసుకొనే హోటళ్లలో మరో అలవాటు ఉంది. అడ్వాన్సు కోసం కార్డు ఫొటోను వాట్సాప్‌లో తెప్పించుకోవడం, నంబరును ఆర్డరు పుస్తకంలో రాసుకోవడం. కార్డు ఇచ్చిన బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ తప్ప చెల్లింపు గొలుసులోని మరెవ్వరూ కార్డు వివరాలు దాచుకోరాదని రిజర్వు బ్యాంకు 2022 అక్టోబరు 1 నుంచి అమలు చేస్తోంది. సీవీవీ, పిన్‌లను లావాదేవీ ముగిశాక ఏ రూపంలోనూ ఉంచరాదన్నది అంతర్జాతీయ కార్డు భద్రతా ప్రమాణాల్లో ప్రధానమైన నియమం. బ్యాంకు ఇచ్చే చెల్లింపు లింకును పంపితే ఈ బాధ ఉండదు.

మెషీన్‌కూ కాపలా కావాలి

కార్డు మెషీన్‌ను తయారుచేసేటప్పుడే గట్టి రక్షణ కల్పిస్తారు. నొక్కిన పిన్ అక్కడికక్కడే గుప్త రూపంలోకి మారిపోతుంది. మూత విప్పే ప్రయత్నం చేస్తే లోపలి రహస్య తాళాలు వాటంతట అవే చెరిగిపోతాయి. కాబట్టి దొంగలు మెషీన్‌ను విప్పడం కంటే దానిని మార్చేయడమే సులువని భావిస్తారు. ‘బ్యాంకు నుంచి వచ్చాం, సాఫ్ట్‌వేర్ మార్చాలి, ఈ మెషీన్ ఇచ్చి కొత్తది తీసుకోండి’ అని మధ్యాహ్నం రద్దీ వేళ వచ్చేవారిని నమ్మరాదు. గుర్తింపు కార్డు చూసి ఊరుకోక, మెషీన్ ఇచ్చిన బ్యాంకు శాఖకు తమ దగ్గరున్న నంబరుతోనే ఫోను చేసి రూఢి చేసుకోవాలి. వచ్చినవారు ఇచ్చిన నంబరుకు చేస్తే వారి మనుషులే పలుకుతారు.

ప్రతి మెషీన్ వెనుక ఒక సీరియల్ నంబరు ఉంటుంది. దానిని పుస్తకంలో రాసి పెట్టుకొని, ఉదయం తలుపులు తీయగానే ఒకసారి సరిచూడడం మంచిది. కార్డు దూర్చే సందులో అడ్డు తగులుతున్నా, స్క్రూల వద్ద గీతలు, కొత్తగా అంటించిన స్టిక్కర్లు కనిపించినా ఆ మెషీన్‌ను పక్కన పెట్టాలి. బల్లలపై అంటించిన క్యూఆర్ కోడ్‌లకూ ఇదే కాపలా అవసరం. హోటల్ స్టిక్కరుపై మరొకరి స్టిక్కరు అంటిస్తే, సౌండ్‌బాక్సు పలకకపోయేవరకు సొమ్ము ఎటు పోతోందో తెలియదు.

మెషీన్‌లో వాపసు చేయడానికి, లావాదేవీ రద్దు చేయడానికి ఒక పాస్‌వర్డు ఉంటుంది. అది యజమానికి, లేదా ఒక్క బాధ్యుడికే తెలియాలి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నది మన సామెత. పొద్దంతా వచ్చిన బిల్లుల్లో ఒకదానిని రాత్రి తన కార్డుకు వాపసు చేసుకొనే ఉద్యోగిని మాత్రం ఖాతా స్టేట్‌మెంటు చూసే యజమాని పట్టగలడు. పెట్టెలో నుంచి తీసినప్పుడున్న పాస్‌వర్డును అలాగే వదిలేయడం ప్రపంచమంతటా ఉన్న జాడ్యం. ఒక ప్రముఖ తయారీదారు మెషీన్లకు 1990ల నుంచి ఒకే పాస్‌వర్డు ఉండిపోయిందని, తాము పరీక్షించిన వాటిలో అత్యధిక భాగం దానితోనే తెరుచుకున్నాయని భద్రతా పరిశోధకులు 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సదస్సులో వెల్లడించారు.

కంప్యూటరు బిల్లింగు ఉన్న హోటళ్లు అమెరికాలోని వెండీస్ సంస్థ అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. దాని ఫ్రాంచైజీ రెస్టారెంట్లలో వెయ్యికి పైగా చోట్ల బిల్లింగు వ్యవస్థలోకి మాల్‌వేర్ చేరి కార్డుల వివరాలు లాగేసిన సంగతి 2016లో బయటపడింది. దొంగలు చొరబడింది ముందు తలుపు నుంచి కాదు. రెస్టారెంట్లకు దూరం నుంచి సాంకేతిక సేవలందించే మూడోపక్షం లాగిన్ వివరాలు దొంగిలించి, ఆ దారినే వచ్చారు. మన దగ్గర కూడా బిల్లింగు సాఫ్ట్‌వేర్ మొరాయించగానే ఎక్కడో ఉన్న కుర్రాడికి ఫోను చేసి, కంప్యూటరును అతని చేతికి అప్పగించడం మామూలే. పని కాగానే ఆ అనుసంధానాన్ని తెంచాలి, ఎల్లప్పుడూ తెరిచి ఉంచరాదు. అలాగే భోజనానికి వచ్చినవారికి ఇచ్చే వైఫై, బిల్లింగుకు వాడే వైఫై ఒకటే కాకూడదు. వేర్వేరు పేర్లు, వేర్వేరు పాస్‌వర్డులు పెట్టడం సరిపోతుందనుకోవద్దు. రెండు జాలాలూ ఒకదానినొకటి చూడకుండా వేరుచేయమని రూటరు పెట్టినవారినే అడగాలి.

ప్రవాసుల కార్డుల సంగతి

అమెరికా బ్యాంకులు ఇచ్చే క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి పిన్ ఉండదు. చిప్ చొప్పించినా మెషీన్ పిన్ అడగకుండా, సంతకం గీత ఉన్న స్లిప్పు ముద్రించవచ్చు. ఇది దొంగ కార్డేమోనని అనుమానించి వచ్చినవారిని అవమానించవలసిన పనిలేదు. చిప్ చదివితే, బ్యాంకు అనుమతిస్తే, స్లిప్పుపై సంతకం తీసుకొని భద్రపరిస్తే సరిపోతుంది. కొన్ని మెషీన్లు రూపాయల్లోనా, డాలర్లలోనా అని అడుగుతాయి. అది నిర్ణయించుకొనే హక్కు కార్డుదారుడిదే. సర్వరు తోచిన మీట నొక్కకూడదు. డాలర్లు ఎంచుకుంటే మారకపు రేటును మెషీన్ వైపు వారే నిర్ణయిస్తారు, అది సాధారణంగా కార్డుదారుడికి ఖరీదుగానే పడుతుంది.

తాకించే చెల్లింపులపై అనుమానాలు ఇంకా ఉన్నాయి. జేబులో ఉన్న కార్డు నుంచి దారినపోయేవాడు సొమ్ము లాగుతాడన్న భయం విస్తృతం. కార్డు కొన్ని సెంటీమీటర్ల దూరంలోకి వస్తేనే చదువుతుంది. చొప్పించినప్పటి మాదిరిగానే ప్రతిసారీ కొత్త సంకేతం తయారవుతుంది. పిన్ లేకుండా తాకించే పరిమితి మొదట రూ.2,000 ఉండగా 2021 జనవరి 1 నుంచి రూ.5,000 అయింది. తాకించే ముందు తెరపై ఉన్న అంకె చూసుకోవడం ఒక్కటే చేయవలసింది. నూట ఎనభై రూపాయల బిల్లుకు పద్దెనిమిది వందలు నొక్కితే కార్డుకు తేడా తెలియదు.

గాలివాన వచ్చినప్పుడు

మే నెలలో గాలివాన వస్తే ముందుగా రాలేది కాయ, తరువాత పోయేది కరెంటు, ఆ వెంటనే సెల్ సిగ్నల్. సరిగ్గా అప్పుడే కార్డు పెడితే కార్డుదారుడి ఫోనుకు డబ్బు పోయినట్లు సందేశం వస్తుంది, మెషీన్ మాత్రం ఏమీ చెప్పదు. రెండో పర్యాయం చెల్లించమని హోటల్‌వారు, చెల్లించానని వచ్చినవారు గొడవకు దిగుతారు. ఇద్దరిదీ తప్పు కాదు. ఖాతాలో డబ్బు తగ్గి, దుకాణానికి నిర్ధారణ అందని సందర్భాల్లో ఐదు రోజుల్లోగా సొమ్ము దానంతట అదే వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఆదేశించింది. మెషీన్ నుంచి విఫలమైనట్లు స్లిప్పు తీసి, దాని వెనుక తేదీ, వేళ రాసి వినియోగదారుడికి ఇవ్వడం ఉభయులకూ మేలు. సిగ్నల్ వచ్చాక చివరి లావాదేవీ నివేదిక ముద్రించి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

కార్డు ఇస్తే రెండు శాతం అదనమని బోర్డు పెట్టే హోటళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. రూపే డెబిట్ కార్డుపై 2020 జనవరి 1 నుంచి వ్యాపారికి బ్యాంకు రుసుమే లేదు. ఇతర డెబిట్ కార్డులపై ఏడాది వ్యాపారం రూ.20 లక్షల లోపు ఉన్నవారికి 0.40 శాతం, ఆపై వారికి 0.90 శాతం మించరాదని 2018 జనవరి నుంచి అమలైన ఆదేశం చెబుతోంది. ఆ రుసుమును కూడా వినియోగదారుడిపై వేయకుండా చూడవలసిన బాధ్యతను రిజర్వు బ్యాంకు బ్యాంకులపైనే పెట్టింది.

మోసం జరిగితే

చేయని చెల్లింపుకు సందేశం వచ్చిన వెంటనే మొదట కార్డును బ్యాంకు యాప్‌లో గానీ, కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోను చేసి గానీ నిలిపివేయాలి. తరువాత 1930కు ఫోను చేయాలి. ఇది సైబరు ఆర్థిక నేరాలకు జాతీయ సహాయ కేంద్రం. సొమ్ము చేతులు మారే లోపు ఆపే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. స్థానిక పోలీసు స్టేషనులోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇతరుల పాస్‌వర్డు వంటి గుర్తింపు వివరాలను మోసపూరితంగా వాడితే సమాచార సాంకేతిక చట్టంలోని 66సి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించే వీలుంది. బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు నంబరును, ఇచ్చిన వేళను రాసి పెట్టుకోవాలి. మూడు పని దినాల లెక్కకు అదే ఆధారం.

హోటల్ వైపు ఆధారం స్లిప్పు. వివాదం వచ్చినప్పుడు బ్యాంకు అడిగేది దానినే. ఇవి వేడికి నల్లబడే కాగితాలు. పొయ్యి గోడకు ఆనుకొని ఉన్న సొరుగులో పెడితే నూజివీడు ఎండలకు నెల తిరిగేసరికి అక్షరాలు మాసిపోయి, సంతకం చేసిన పెన్ను గీత ఒక్కటే మిగులుతుంది. ఏ రోజు స్లిప్పులను ఆ రాత్రే ఫొటో తీసి, తేదీ రాసిన కవరులో వేసి, వంటగదికి దూరంగా ఉన్న బీరువాలో పెట్టుకోవాలి. ఎంతకాలం దాచాలన్నది మెషీన్ ఇచ్చేటప్పుడు బ్యాంకుతో చేసుకున్న ఒప్పంద పత్రంలో రాసి ఉంటుంది.